రసీదు పుట్టాల్సింది ఖర్చయిన రోజునే

మార్చి నెలాఖరు ఆదివారం. న్యూజెర్సీలోనో టెక్సస్‌లోనో ఓ తెలుగువారి ఇల్లు. భోజనాల బల్ల మీద పాత బూట్ల డబ్బా బోర్లించి ఉంటుంది. మందుల షాపు బిల్లులు, పళ్ల డాక్టరు దగ్గర ఇచ్చిన కాగితం, కుంకుమ అంటిన అర్చన టికెట్టు, ఇంటి పన్ను నోటీసు అన్నీ కలగలిసి పడి ఉంటాయి. వాటిలో రెండు మూడింటిని దీపం కింద పెట్టి చూసినా అక్షరం కనిపించదు. థర్మల్ పేపరు మీద కొట్టిన బిల్లు వేసవంతా కారులో పడి ఉంటే అచ్చు వెలిసిపోయి ఉత్త కాగితం మిగులుతుంది.

“కిందటేడు గుడికి ఎంతిచ్చాం?” అని భర్త అడుగుతాడు.

“కల్యాణానికి అయిదొందలు, అన్నదానానికి మూడొందలు... హుండీలో వేసినవీ కలిపితే పదిహేను వందలు ఉండొచ్చండీ” అంటుంది భార్య.

“సరే, రెండు వేలని రాసేద్దాం.”

ఈ మాటల్లో ఎవరినో మోసగించాలన్న ఆలోచన లేదు. గుడికి ఇచ్చింది నిజం, ఎంతిచ్చారో గుర్తులేకపోవడమూ నిజమే. కానీ అమెరికా పన్ను చట్టం ముందు ఆ రెండు వేలలో ఎన్ని డాలర్లకు కాగితం ఉందో అన్ని డాలర్లు మాత్రమే ఇచ్చినట్టు లెక్క. ‘ఉండొచ్చు’ అన్న మాట అక్కడ చెల్లదు.

అందుకే ఖర్చు పద్దు ఖర్చయిన రోజునే రాసుకోవాలి, దాని కాగితం ఆ రోజునే దాచుకోవాలి. ఏప్రిల్ 15 గడువు తరుముకొస్తుంటే జ్ఞాపకాల్లోంచి తవ్వి తీసేది లెక్క కాదు, అంచనా. అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలతో పాటు వాళ్లు నడుపుకొనే గుళ్లూ సంఘాలూ కూడా ఈ విషయంలో పద్ధతి మార్చుకోవాలి. ఈ మధ్య మారిన చట్టం ఆ అవసరాన్ని ఇంకా పెంచింది.

పక్కన పెట్టిన డబ్బా మళ్లీ అవసరమైంది

అమెరికాలో ఆదాయపు పన్ను లెక్క వేసేటప్పుడు రెండు దారులుంటాయి. ఒకటి స్టాండర్డ్ డిడక్షన్. ప్రభుత్వమే ఒక మొత్తం నిర్ణయించి, ఏ రసీదూ అడగకుండా ఆదాయంలోంచి తీసేస్తుంది. రెండోది ఐటమైజ్ చేయడం. ఇంటి అప్పు మీద వడ్డీ, రాష్ట్రానికి కట్టిన పన్నులు, ఇంటి పన్ను, దానాలు, ఒక హద్దు దాటిన వైద్య ఖర్చులు, వీటిని షెడ్యూల్ ఎ అనే ఫారంలో విడివిడిగా చూపించడం. రెండింటిలో ఏది ఎక్కువైతే అది తీసుకోవచ్చు.

2017 చివర్లో వచ్చిన చట్టం స్టాండర్డ్ డిడక్షన్‌ను దాదాపు రెట్టింపు చేసింది. రాష్ట్ర, స్థానిక పన్నుల మినహాయింపుకు పదివేల డాలర్ల పరిమితి పెట్టింది. అంతకుముందు రిటర్నులు వేసేవారిలో దాదాపు 30 శాతం మంది ఐటమైజ్ చేసేవారు. ఆ చట్టం తర్వాత వాళ్లు 10 శాతం దరిదాపులకు పడిపోయారు. చాలా ఇళ్లలో రసీదులు దాచే అలవాటు అక్కడితో పోయింది. ఎలాగూ అక్కరకు రాని కాగితాన్ని ఎవరు మాత్రం ఎందుకు దాస్తారు?

2025 జులై 4న సంతకమైన చట్టం ఆ పదివేల పరిమితిని 2025కు 40 వేలకు పెంచింది. ఆదాయం అయిదు లక్షల డాలర్లు దాటినవాళ్లకు ఇది మళ్లీ తగ్గుతూ వస్తుంది, 2030లో అందరికీ తిరిగి పదివేలవుతుంది. ఆలోపు ఒక మామూలు కుటుంబానికి దీనివల్ల ఏమవుతుందో లెక్క వేసి చూడొచ్చు.

ఇద్దరూ ఉద్యోగాలు చేస్తున్న జంట, ఆదాయం రెండున్నర లక్షల డాలర్లు, న్యూజెర్సీలో సొంత ఇల్లు అనుకుందాం. ఇంటి పన్ను 12 వేలు. ఆ రాష్ట్రంలో సగటు ఇంటి పన్నే పదివేలు దాటింది కాబట్టి ఇది పెద్ద అంకె కాదు. రాష్ట్ర ఆదాయపు పన్ను 9 వేలు, ఇంటి అప్పు వడ్డీ 16 వేలు, గుడికీ ఇతర సంస్థలకూ ఇచ్చింది 2,500. పన్నులు మొత్తం 21 వేలు కట్టినా 2024లో అందులో పదివేలే లెక్కకొచ్చేవి. అన్నీ కలిపి 28,500. ఆ ఏడాది దంపతులకు స్టాండర్డ్ డిడక్షన్ 29,200. రసీదులతో పనే లేదు. 2025లో అవే ఖర్చులు 39,500 అవుతాయి, స్టాండర్డ్ డిడక్షన్ 31,500. తేడా 8 వేలు. వాళ్లుండే 24 శాతం శ్లాబులో 1,920 డాలర్ల పన్ను మిగులుతుంది. అందులో 600 డాలర్లు కేవలం ఆ రెండున్నర వేల దానానిది. దానికి రసీదు లేకపోతే ఆ 600 పోయినట్టే.

వడ్డీకి బ్యాంకు ఏటా ఫారం 1098 పంపుతుంది. రాష్ట్ర పన్ను కంపెనీ ఇచ్చే జీతం ఫారం డబ్ల్యూ-2లోనే ఉంటుంది. ఇంటి పన్ను మునిసిపాలిటీ రికార్డుల్లో దొరుకుతుంది. ఎవరికి వారు రాసుకుంటే తప్ప ఇంకెక్కడా పూర్తిగా దొరకని లెక్కలు రెండే: దానాలు, వైద్య ఖర్చులు.

ఫెడరల్ రిటర్నులో ఐటమైజ్ చేయనివాళ్లు కూడా ఈ లెక్క తమకు అక్కర్లేదని వదిలేయకూడదు. కాలిఫోర్నియాలో రాష్ట్ర స్టాండర్డ్ డిడక్షన్ చాలా తక్కువ, 2024లో దంపతులకు 11,080 డాలర్లే. ఫెడరల్ రిటర్నులో ప్రయోజనం లేని రసీదులే రాష్ట్ర రిటర్నులో పనికొస్తాయి. ఫెడరల్ లెక్కలో వైద్య ఖర్చు ఆదాయంలో 7.5 శాతం దాటితేనే చూపాలి, న్యూజెర్సీలో 2 శాతం దాటితే చాలు. లక్ష డాలర్ల ఆదాయానికి ఒకచోట ఏడున్నర వేలు దాటాలి, ఇంకోచోట రెండు వేలు. పిల్లల పళ్లకు క్లిప్పులు వేయించిన ఏడాది ఆ రెండు వేలు ఇట్టే దాటుతాయి. పైగా 2026 నుంచి ఐటమైజ్ చేయనివాళ్లూ నగదు దానాల్లో దంపతులకు రెండు వేల డాలర్ల వరకు తగ్గించుకోవచ్చు. దానికీ రసీదు కావాల్సిందే.

కొహాన్‌కు కలిసొచ్చిన కాలం

అంచనా మీద బతకొచ్చన్న నమ్మకం అమెరికాలోనూ ఒకప్పుడు ఉండేది. జార్జ్ ఎం. కొహాన్ బ్రాడ్‌వే రంగస్థలాన్ని ఏలిన నటుడు, నిర్మాత, పాటల రచయిత. నటులను, పత్రికల విమర్శకులను విందులకు పిలిచేవాడు, ఊళ్లు తిరిగేవాడు, డబ్బు ధారాళంగా ఖర్చుపెట్టేవాడు. పద్దు మాత్రం రాయలేదు. పన్ను రిటర్నులో ఆ ఖర్చులన్నీ చూపిస్తే, ఆధారం లేదని పన్ను అప్పీళ్ల బోర్డు మొత్తాన్నీ కొట్టేసింది. 1930లో కేసు న్యూయార్క్‌లోని అప్పీళ్ల కోర్టుకు వెళ్లింది. ఖర్చు జరిగిన మాట నిజమని తెలిసినప్పుడు అసలేమీ ఇవ్వకపోవడం సరికాదని జడ్జి లెర్నెడ్ హ్యాండ్ తీర్పు చెప్పారు. బోర్డు సాధ్యమైనంత దగ్గరి అంచనా వేసి కొంతైనా ఇవ్వాలన్నారు. లెక్క రాయకపోవడం కొహాన్ సొంత తప్పు కాబట్టి ఆ అంచనా అతనికి బరువుగానే ఉండొచ్చనీ అన్నారు.

ఆ వెసులుబాటు పేరే ‘కొహాన్ సూత్రం’. దాన్ని అమెరికన్ కాంగ్రెస్ ఒక్కో వైపు నుంచి కత్తిరిస్తూ వచ్చింది. 1962లో వ్యాపార ప్రయాణాలు, విందులు, బహుమతుల ఖర్చుకు రాతపూర్వక ఆధారాన్ని తప్పనిసరి చేసింది. 1993లో ఒకేసారి 250 డాలర్లు, ఆపైన దానమిస్తే సంస్థ నుంచి లిఖితపూర్వక ధ్రువీకరణ ఉండాలంది. 2006లో ఇంకో మెట్టు ఎక్కి, నగదు దానం ఎంత చిన్నదైనా బ్యాంకు రికార్డో సంస్థ రాసిచ్చిన కాగితమో కావాలని తేల్చేసింది. హుండీలో వేసిన ఇరవై డాలర్ల నోటూ, హారతి పళ్లెంలో వేసిన అయిదు డాలర్లూ ఆ రోజుతో లెక్కలోంచి పోయాయి. కొహాన్ పేరు చెప్పుకుని దానాలకు అంచనా అడిగే వీలు ఇప్పుడు లేదు.

గుడి రసీదులో ఉండాల్సిన ఒక్క వాక్యం

1970ల్లో పిట్స్‌బర్గ్ దగ్గర పెన్‌హిల్స్‌లో వేంకటేశ్వరాలయం వెలిసినప్పటి నుంచి అమెరికా తెలుగువాళ్లు ఊరూరా గుళ్లు కట్టుకున్నారు. గోపురానికి, గర్భగుడికి, వంటశాలకు చందాలిచ్చారు. ఆదివారాలు అన్నదానాల్లో వడ్డించారు. ఇచ్చేటప్పుడు లెక్క చూసుకోవడం మనవాళ్లకు మొహమాటం. కుడిచేత్తో ఇచ్చింది ఎడమచేతికి తెలియకూడదన్న సంస్కారం అందులో ఉంది, అది గౌరవించాల్సిందే. అయితే రసీదు అడిగితే ఆ దానం చిన్నబోదు. పన్నులో మిగిలిన ఆరువందలు మళ్లీ ఆ వంటశాలకే ఇవ్వొచ్చు.

రసీదులో ఏం రాసి ఉందన్నది కూడా ముఖ్యమే. 2012లో అమెరికా టాక్స్ కోర్టు తేల్చిన ఒక కేసు ప్రతి గుడి కమిటీ చదవాల్సింది. ఒక జంట 2007లో తమ చర్చికి 22 వేల డాలర్లకు పైగా ఇచ్చింది, చాలామటుకు చెక్కుల రూపంలో. బ్యాంకు కాగితాలున్నాయి. చర్చి ఉత్తరమూ ఉంది. డబ్బు ఇవ్వలేదని ఎవరూ అనలేదు. కానీ ఆ ఉత్తరంలో ‘ఈ దానానికి ప్రతిఫలంగా దాతకు ఎలాంటి వస్తువులు గానీ సేవలు గానీ ఇవ్వలేదు’ అన్న వాక్యం లేదు. పన్నుశాఖ ఎత్తిచూపాక చర్చి ఆ వాక్యం చేర్చి 2009 జూన్‌లో రెండో ఉత్తరం ఇచ్చింది. అప్పటికే రిటర్ను గడువు దాటిపోయింది. ధ్రువీకరణ రిటర్ను వేసేనాటికో, గడువు తేదీకో, ఏది ముందైతే అప్పటికి చేతిలో ఉండాలని చట్టం. మినహాయింపు మొత్తం పోయింది.

నిజంగా ఇచ్చారు, నిజాయతీగా చూపించారు, ఒక వాక్యం లేక నష్టపోయారు. ఇది కఠినమే. కఠినమని తెలిసినప్పుడు ఆ వాక్యాన్ని రసీదు పుస్తకం మీదే అచ్చు వేయించడానికి గుడికి అయ్యే ఖర్చెంత? పూజలు, అర్చనలు చేయించుకున్న భక్తుడికి దక్కేది ఆధ్యాత్మిక ఫలం మాత్రమే అయితే ఆ మాటే రాయాలి, దానికి వెల కట్టనక్కర్లేదు. విందు టికెట్టు సంగతి వేరు. నిధుల సేకరణ భోజనానికి 200 డాలర్లు కట్టి, 60 డాలర్ల విలువైన భోజనం చేస్తే దానం 140 డాలర్లే. ఇలా ఏదైనా అందుకుంటూ 75 డాలర్లకు మించి కట్టినప్పుడు ఆ విలువ ఎంతో సంస్థే దాతకు రాసివ్వాలి. తెలుగు సంఘాల మహాసభల్లో దాతలకు విందు టికెట్లూ హోటల్ గదులూ కలిపి ఇచ్చేచోట ఈ లెక్క ఇంకా స్పష్టంగా ఉండాలి.

ఈ రోజుల్లో చందాలు ఎక్కువగా ఖాతా నుంచి ఖాతాకు డబ్బు పంపే జెల్ మీద నడుస్తున్నాయి. బ్యాంకు స్టేట్‌మెంటులో తేదీ, మొత్తం, సంస్థ పేరు మూడూ కనిపిస్తే చిన్న మొత్తాలకు అదే ఆధారం. హడావుడిలో కమిటీ సభ్యుడి సొంత ఖాతాకు పంపితే స్టేట్‌మెంటులో పడేది ఆయన పేరు, గుడి పేరు కాదు. ఆయన మర్నాడే డబ్బు గుడికి జమ చేసినా దాత చేతిలో ఉన్నది ఒక వ్యక్తికి పంపిన డబ్బుకు సాక్ష్యమే.

గుడి పని మీద సొంత కారు తిప్పేవాళ్లకు మైలుకు 14 సెంట్లు చట్టమే ఇస్తుంది. అందుకు తేదీ, ఎక్కడి నుంచి ఎక్కడికి, ఎందుకు, ఎన్ని మైళ్లు అని రాసుకోవాలి. గుడిలో వడ్డించిన గంటలకు మాత్రం మినహాయింపు లేదు. గుడ్‌విల్ వంటి సంస్థలకు పాత బట్టలిచ్చేవాళ్లు సంచి కట్టేముందు ఒక ఫొటో తీసుకుని, అందులో ఏమున్నాయో జాబితా రాసుకోవడం మేలు. అక్కడిచ్చే రసీదులో విలువ గడి ఖాళీగా ఉంటుంది, నింపుకోవాల్సింది దాతే. వస్తువుల విలువ ఏడాదికి 500 డాలర్లు దాటితే ఫారం 8283 కూడా జతచేయాలి.

మనసుకు దగ్గరైనా లెక్కకు రానివి

ఎంత జాగ్రత్తగా దాచినా కొన్ని రసీదులు పనికిరావు. ఆ సంగతి ముందే తెలిసి ఉండటం మంచిది. తిరుమల వెళ్లి తితిదే ట్రస్టుకు నేరుగా లక్ష రూపాయలిస్తే భారత్‌లో పన్ను కట్టేవారికి మినహాయింపుకు ఉపయోగపడుతుంది, అమెరికా రిటర్నులో ఉపయోగపడదు. దానం అందుకునే సంస్థ అమెరికాలో ఏర్పడినదై, పన్ను మినహాయింపు అర్హత ఉన్నదై ఉండాలి. అమెరికా పన్నుశాఖ ఐఆర్‌ఎస్ వెబ్‌సైటులో సంస్థ పేరు వెతికి చూసుకోవచ్చు. సొంత ఊరి బడికి గదులు కట్టించాలనుకునేవాళ్లు అలాంటి అర్హత ఉన్న సంస్థ ద్వారా పంపితే ఆ డబ్బు లెక్కకొస్తుంది. సర్పంచి ఖాతాకు పంపితే రాదు.

రోడ్డు ప్రమాదంలో తెలుగు విద్యార్థి చనిపోయాడని తెలిస్తే, భౌతికకాయం ఊరు చేర్చడానికి, కన్నవాళ్లను ఆదుకోవడానికి గంటల్లో వేల డాలర్లు పోగవుతాయి. అమెరికా తెలుగువాళ్లు గర్వపడాల్సిన గుణమది. ఒక వ్యక్తి కుటుంబం కోసం గోఫండ్‌మీలో ఇచ్చిన డబ్బు మాత్రం చట్టం దృష్టిలో కానుక, మినహాయింపు దొరికే దానం కాదు. హైదరాబాద్ ఆస్పత్రిలో అమ్మానాన్నల ఆపరేషన్‌కు పంపిన డబ్బూ అంతే. భారత్‌లోనే నివసించే తల్లిదండ్రులు అమెరికా పన్ను లెక్కలో డిపెండెంట్లు కారు. నివాసం కోసం హైదరాబాద్‌లో ఉంచుకున్న ఫ్లాటుకు జీహెచ్‌ఎంసీకి కట్టే ఆస్తి పన్ను 2018 నుంచి షెడ్యూల్ ఎలో చెల్లదు. ఆ ఫ్లాటు అద్దెకిచ్చి ఉంటే లెక్క వేరు, దాని పద్దు వేరుగా రాసుకోవాలి.

కొత్తగా వెళ్లినవాళ్లకు ఒక ముఖ్యమైన సంగతి. పన్ను లెక్కలో నాన్ రెసిడెంటుగా ఉన్నవాళ్లకు సాధారణంగా స్టాండర్డ్ డిడక్షన్ ఉండదు. భారతీయ విద్యార్థులకు భారత్–అమెరికా పన్ను ఒప్పందం 21వ అధికరణం ఆ వెసులుబాటు ఇస్తుంది. ఆగస్టులో హెచ్-1బి మీద దిగిన ఇంజినీరుకు అది వర్తించదు. ఆ మొదటి ఏడాది అతనికి సాధారణంగా మిగిలేది ఐటమైజ్ చేయడమే. అప్పుడు అక్కడి గుడికిచ్చిన 50 డాలర్లకూ విలువ ఉంటుంది.

రిఫండ్ ఆశ చూపేవాళ్లు

లెక్క లేనిచోట అబద్ధం దూరుతుంది. “మీకు మూడు వేలే రిఫండ్ వస్తోందా? నేను ఏడు వేలు తెప్పిస్తాను” అనే ప్రిపేరర్లు ప్రతి ఊళ్లో ఉన్నారు. ఇవ్వని దానాలు రాస్తారు. 2018 నుంచి జీతగాళ్లకు రద్దయిన ఉద్యోగ ఖర్చులను మరో పేరుతో దూరుస్తారు. రిటర్ను మీద సంతకం మాత్రం పెట్టరు. ఇలాంటివాళ్లను ఐఆర్‌ఎస్ ‘ఘోస్ట్ ప్రిపేరర్’ అంటుంది. డబ్బు తీసుకుని రిటర్ను తయారుచేసే ఎవరైనా సంతకం చేసి, ప్రిపేరరుగా తమ గుర్తింపు నంబరు పీటిన్ వేయాలన్నది నిబంధన.

తనిఖీ వస్తే జవాబు చెప్పుకోవాల్సింది పన్ను కట్టే వ్యక్తే. నిర్లక్ష్యంతో తప్పు చూపితే తక్కువ కట్టిన పన్ను మీద 20 శాతం, మోసమని తేలితే 75 శాతం జరిమానా. మామూలు రిటర్నులను ఐఆర్‌ఎస్ సాధారణంగా మూడేళ్ల వరకే తిరగదోడగలదు, మోసం చేసిన రిటర్నుకు ఆ గడువే లేదు. గ్రీన్‌కార్డు కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసే కుటుంబం, పౌరసత్వ దరఖాస్తులో పన్నుల గురించి ప్రశ్నలకు జవాబు రాయాల్సిన కుటుంబం నాలుగు వేల డాలర్ల కోసం ఇలాంటి బరువు నెత్తికెత్తుకోవడం దారుణం. రసీదుల డబ్బా సక్రమంగా ఉన్నవాళ్లకు న్యాయంగా వచ్చేదెంతో ముందే తెలుసు. అలాంటివాళ్ల దగ్గర ఈ బేరగాళ్ల మాట సాగదు.

చిట్టా రాసిన చేతులు

ఈ క్రమశిక్షణ తెలుగువాళ్లకు కొత్తదేమీ కాదు. మన ఊళ్లలో కిరాణా కొట్టు నడిపినవాళ్లు ఏ రోజు వ్యవహారం ఆ రోజు చిట్టాలో రాసేవారు, ఆ తర్వాత ఖాతాల వారీగా ఆవర్జాలోకి ఎత్తుకునేవారు. చిట్టా రాయకుండా దీపం ఆర్పేవారు కాదు. కాన్సాస్‌లోనో కాలిఫోర్నియాలోనో ఉన్న మనవడికి కావాల్సింది సరిగ్గా ఆ రెండంచెల పద్ధతే. ఫోనులో తీసిన రసీదు ఫొటో చిట్టా. నెలకోసారి తేదీ, ఎవరికి, ఎంత, ఎందుకు అని నాలుగు గళ్లలో ఎక్కించే ఎక్సెల్ షీటు ఆవర్జా. కాగితాలను స్పష్టంగా కనిపించేలా ఎలక్ట్రానిక్ రూపంలో భద్రపరచడాన్ని ఐఆర్‌ఎస్ 1997 నుంచే అంగీకరిస్తోంది. కాబట్టి వెలిసిపోయే బిల్లు గురించి బెంగపడనక్కర్లేదు, వెలిసిపోకముందే ఫొటో తీస్తే చాలు.

ఎన్నాళ్లు దాచాలి? రిటర్ను వేసిన నాటి నుంచి కనీసం మూడేళ్లు. ఇంటికి చేయించిన మెరుగుల బిల్లులు మాత్రం ఇల్లు అమ్మి, ఆ లెక్క ముగిసేదాకా. కొత్త వంటగది, కొత్త పైకప్పు ఇంటి ఖరీదులో చేరతాయి. దంపతులకు ఇంటి అమ్మకం లాభంలో అయిదు లక్షల డాలర్ల దాకా పన్ను ఉండదు కానీ, పాతికేళ్ల కిందట బే ఏరియాలో కొన్న ఇంటి మీద లాభం ఆ హద్దు సులభంగా దాటుతుంది. అప్పుడు 2009లో వంటగది మార్పించిన 40 వేల డాలర్ల బిల్లు కోసం ఇల్లంతా వెతకాల్సి వస్తుంది.

కుటుంబాలు తమ వంతు చేస్తే సరిపోదు. 2026 నుంచి ఐటమైజ్ చేసేవాళ్ల దానాల్లో ఆదాయంలో అర శాతం దాటిన భాగమే లెక్కకొస్తుంది. పైన చెప్పుకున్న రెండున్నర లక్షల ఆదాయం వాళ్లకు 2,500 దానంలో మొదటి 1,250 పోయి మిగతా సగమే మిగులుతుంది. అలాంటప్పుడు రసీదు లేక పోగొట్టుకునే ప్రతి డాలరూ ఆ మిగిలిన సగంలోంచే పోతుంది. గుడి కమిటీలు, తెలుగు సంఘాలు రెండు పనులు ఇప్పుడే మొదలుపెట్టాలి. కౌంటరు దగ్గర డబ్బు తీసుకున్న చోటే, భక్తుడి చేతిలో ప్రసాదం పడేలోపు, అతని ఈమెయిలుకు రసీదు వెళ్లిపోవాలి. జనవరి 31లోగా ప్రతి దాతకూ ఏడాది మొత్తం దానాల ఉత్తరం అందాలి. అందులో సంస్థ పేరు, ఒక్కో దానం తేదీ, మొత్తం, ప్రతిఫలంగా ఏదైనా ఇస్తే దాని విలువ, ఏమీ ఇవ్వకపోతే ఇవ్వలేదన్న ఆ ఒక్క వాక్యం ఉండాలి. సంక్రాంతి పూజల హడావుడి అప్పటికి ముగిసి ఉంటుంది, ఏప్రిల్ 15 గడువుకు ఇంకా రెండున్నర నెలలు ఉంటుంది. కమిటీలో లెక్కలు తెలిసిన ఇద్దరు వాలంటీర్లు నాలుగు శనివారాలు కూర్చుంటే ఆ ఉత్తరాలన్నీ వెళ్లిపోతాయి.